ముగ్ధుడు – మూఢుడు – మోహితుడు



గత కార్తికమాసమున ఈ నారాయణఖేడ్ పట్టణముననే మూడు దినములు ప్రసంగించు భాగ్యము మాకు కలిగినది. రెండవనాటి ప్రసంగము ముగిసిన పిమ్మట వందన సమర్పణకు లేచిన ఒక యువకుడు, "స్వామివారి వాక్కులకు మనమందరము మంత్రముగ్ధులమైతిమి, వారి ప్రసంగము అమోఘము" అని పలికెను. సభ కరతాళధ్వనులు చేసెను. మాకును సంతోషము కలుగకపోలేదు. వయస్సు డెబ్బది దాటినను పొగడ్తను వినెడి చెవికి మాత్రము ముసలితనము రాదు గదా!

అటుపిమ్మట తీర్థప్రసాదములు ఇచ్చుచుండగా మంజీర యొడ్డున ఉన్న ఒక పల్లెనుండి వచ్చిన వృద్ధురాలు మా ఎదుట నిలిచి ఇట్లడిగినది: "అయ్యగారూ, ఆ పిలగాడు ముగ్ధులు అన్నడు గద, ఆ మాటకు అర్థమేంది? మొన్న మా ఇంట్ల ఒకని తియ్యటి మాటలకు పడి, వాడు జెప్పినట్ల పైసలు కట్టి మునిగిపోయినం. ఊళ్ళ పెద్దమనుషులు మమ్ముల మూఢులన్నరు. ఈడ మీ మాటలకు పడ్డోళ్ళను ముగ్ధులంటున్నరు. రెంటికి ఫరకేంది?"

చుట్టునున్నవారు నవ్విరి. "ఒకటి మంచిమాట, ఒకటి చెడుమాట తల్లీ" అని త్వరపడి చెప్పి ఆమె చేతిలో ప్రసాదము పెట్టి పంపితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏలయన మేము చెప్పినది సరికాదు. వ్యాకరణము చదివినవాడు చెప్పదగిన మాట అసలే కాదు. ఆమెకు మేము ఋణపడిన సమాధానమే ఈ వ్యాసము.

ముగ్ధ శబ్దమునకును మూఢ శబ్దమునకును ధాతువు ఒక్కటే. అది దివాదిగణములోని "ముహ" ధాతువు. దానికి ధాతుపాఠము చెప్పిన అర్థము వైచిత్త్యము, అనగా చిత్తము చెదరుట, తెలివి తన స్థానమునుండి తప్పుట. మోహము, సమ్మోహము, వ్యామోహము, మోహనము, మోహిని ఇవన్నియు దీని సంతానమే. (మోసము మాత్రము ఈ ఇంటిది కాదు. అది దొంగిలించుట అను అర్థముగల "ముష" ధాతువుతో చుట్టరికము కలది. ధ్వని కలిసినంతనే బంధుత్వము కలుపరాదు.)

ఒక ధాతువునకు రెండు రూపములెట్లు వచ్చెనో కొంచెము ఓపికతో వినుడు. హకారము చివరనున్న ధాతువులకు భూతకాలమును తెలుపు "త" ప్రత్యయము చేరినపుడు రెండు దారులు కలవు. మొదటి దారిలో హకారము ఘకారమగును. "దహ" నుండి దగ్ధము, "దుహ" నుండి దుగ్ధము ఇట్లేర్పడినవి. దగ్ధమనగా కాలినది, దుగ్ధమనగా పితుకబడినది, అనగా పాలు. రెండవ దారిలో హకారము ఢకారమగును. ప్రత్యయమునందలి తకారమును ఢకారముగా మారును. రెండు ఢకారములు ఎదురుపడగా మొదటిది లోపించును. పోయిన దాని బరువును ముందున్న అచ్చు మోసి దీర్ఘమగును. "రుహ" నుండి రూఢము, "గుహ" నుండి గూఢము, "లిహ" నుండి లీఢము అట్టివి. సాధారణముగా ఏ ధాతువు ఏ దారిని పోవలెనో శాస్త్రము నిర్ణయించును. దహ ధాతువు రెండవ దారిని పోజాలదు, రుహ ధాతువు మొదటి దారిని పోజాలదు.

కాని పాణిని మహర్షి అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయము రెండవ పాదము 33వ సూత్రమున నాలుగు ధాతువులకు మాత్రము రెండు దారులను తెరచి ఉంచెను. అవి ద్రుహ, ముహ, ష్ణుహ, ష్ణిహ. చివరిదానినుండియే స్నేహమును, స్నిగ్ధమును వచ్చినవి. ద్రోహమును స్నేహమును ఒకే సూత్రమున పక్కపక్కన కూర్చుండుట చూచినప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును. ముహ ధాతువు మొదటి దారిని పోయినచో ముగ్ధము, రెండవ దారిని పోయినచో మూఢము. ఏది పలుకవలెనన్నది పలుకువాని ఇచ్ఛ. పాణిని దృష్టిలో ఆ యువకుడు మా సభవారిని మూఢులని పిలిచినను వ్యాకరణదోషము లేదు!

మరి వైచిత్త్యము మెచ్చుకోలుగా ఎప్పుడు మారినది? వేదమును చూచినచో మొదట అట్టి వాసనయే లేదు. అథర్వవేదము మూడవ కాండము మొదటి సూక్తమున అగ్నిదేవుని ఏమని ప్రార్థింతురు? శత్రువుల సేనను మోహపరచుమని. సైనికునికి తన చేయి ఏదో, ఆయుధమేదో తెలియకుండ పోవలెనని. అనగా మంత్రముచేత ముగ్ధులగుట అను స్థితిని మన పూర్వులు కోరినది తమ శ్రోతలకు కాదు, తమ పగవారికి.

అట్లే ఋగ్వేదము దశమ మండలము 117వ సూక్తమున, ఇతరులకు పెట్టక తానొక్కడే తినువాని అన్నమునకు "మోఘము" అను విశేషణము కలదు. మోఘమనగా వ్యర్థము. ఇదియు ముహ ధాతువు బిడ్డయే. దారి తప్పినది ఫలమును చేరదు గనుక వ్యర్థము. దీనికి వ్యతిరేకము అమోఘము. ఇప్పుడు ఆ యువకుని వాక్యమును మరల తలచుకొనుడు. సభవారు ముగ్ధులైరి, ప్రసంగము అమోఘము. ఒకే ఊపిరిలో ముహ ధాతువును ఉన్నదనియు చెప్పెను, లేదనియు చెప్పెను. అతనిని తప్పుపట్టుట లేదు. మనమందరము అట్లే మాటలాడుచున్నాము.

కావ్యములలోనికి వచ్చినప్పటికి మాట మెత్తబడినది. ఏమియు తెలియనిది అను అర్థమునుండి కపటమెరుగనిది అనియు, దానినుండి సుందరమైనది అనియు అడుగులు వేసెను. కాళిదాస మహాకవి మేఘసందేశమున, ఆకాశమున సాగు మేఘమును చూచి ఇది గాలికి ఎగిరిపోవు కొండశిఖరమా యని విస్తుపోయి తలలెత్తి చూచు సిద్ధాంగనలకు ముగ్ధ విశేషణమును ఉంచెను. అచ్చట వారి అమాయకత్వమును, వారి అందమును విడదీయుట కష్టము. ఆ కావ్యమునకు సంజీవనీ వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మనకు పరాయివాడు కాడు. ఆయన ఇంటిపేరు కోలాచలము. మన మెదక్ సీమలోని కొల్చారము ఆయన ఊరు. మూలము లేనిది వ్రాయననియు, అవసరము లేనిది చెప్పననియు ఆయన పెట్టుకొన్న నియమము ప్రసిద్ధము. మాబోటి ప్రసంగకర్తలు రెండవ నియమమును పాటించినచో సభలు సగము కాలముననే ముగియును.

ఆలంకారికులు నాయికలను ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని విభజించిరి. పదవ శతాబ్దమునందలి ధనంజయుని దశరూపకమున ఈ విభాగము కలదు. తెలుగున ముగ్ధ అనగా లోకమెరుగని కన్నెపిల్ల అను భావము అటనుండియే స్థిరపడినది. ఈ నారాయణఖేడ్ ప్రాంతమున తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఒకే సంతలో వినబడును గదా. ఊరి పేరులోని ఖేడ్ కూడ సంస్కృత ఖేట శబ్దమే, చిన్న ఊరు అని దాని అర్థము. బీదరు వైపునుండి వచ్చిన కన్నడిగుడు ఒకనిని ముగ్ధుడన్నచో వాడు అమాయకుడని అర్థము. దెగలూరు వైపునుండి వచ్చిన మరాఠీవాడు ముగ్ధుడనైతినన్నచో పరవశుడైనాడని అర్థము. తెలుగువారు రెండింటిని అట్టే పెట్టుకొన్నారు. ఒకే మాట మూడు ఊళ్ళలో మూడు విలువలకు మారుచున్నది.

ఉర్దూనుండి వచ్చిన మాటలు వేరు త్రోవ పట్టినవి. మోజు అను మాటకు మూలమైన మౌజ్ అనగా అరబ్బీ భాషలో కెరటము. వచ్చును, పోవును. ఫిదా అగుట అనుమాటను మన పిల్లలు విరివిగా వాడుచున్నారు. 2017లో బాన్సువాడ పిల్ల కథగా ఆ పేరుతో చలనచిత్రము కూడ వచ్చినది. అరబ్బీలో ఫిదా అనగా ఒకరిని విడిపించుటకు చెల్లించు వెల, ఒకరికొరకు తన్నుతాను అర్పించుకొనుట. అంత పెద్దమాటను ఒక చీర నచ్చినందుకు వాడుచున్నారు. ఇంగ్లీషువారి ఫాసినేట్ అను మాట సంగతియు చిత్రమే. దాని లాటిన్ మూలమునకు చేతబడి చేయుట, దృష్టిదోషము తగిలించుట అని అర్థము. రోమనులు పిల్లలకు దిష్టి తగులకుండ కట్టు తాయెత్తుకును అదే పేరు. కావున ఆకర్షణను ఆపదగా చూచినవారు మనవారొక్కరే కాదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. ఆమె ఎరిగిన మూఢము ఇంకొకటి కలదు. పల్లెలలో "మూఢాలు వచ్చినయి, పెండ్లిండ్లు లేవు" అందురు. గురుమౌఢ్యము, శుక్రమౌఢ్యము అని పంచాంగమున వ్రాయుదురు. అప్పుడు గురుగ్రహమునకు ఏమగును? చీకటి కమ్మునా? లేదు. సూర్యునికి మిక్కిలి సమీపించుటచే ఆ వెలుగులో కనబడకుండ పోవును. సూర్యసిద్ధాంతము గురువునకు 11 అంశల దూరము చెప్పినది. అంతకంటె చేరువైనచో అస్తంగతుడు. ఇది సుమారు 399 దినములకొకమారు జరుగును. గురువు తన కాంతిని పోగొట్టుకొనలేదు, తన కక్ష్యను విడువలేదు. పెద్దవెలుగు పక్కన చిన్నవెలుగు లెక్కకు రాలేదు, అంతే. కొంతకాలమునకు తూర్పున మరల ఉదయించును. మోహము అజ్ఞానపు చీకటియనియే మనము వినుచుందుము. అతిప్రకాశము వలన కలుగు మోహమును ఈ జ్యోతిషపు మాట చూపినంత చక్కగా మరియొకటి చూపదు. ఎంత బుద్ధిమంతుడైనను మాటకారి పక్కన నిలిచినపుడు వాని బుద్ధి కొన్ని దినములు కనబడకపోవచ్చును. అది పోయినట్లు కాదు.

వ్యాకరణమున ఇంకొక సూక్ష్మము కలదు. ముహ ధాతువు అకర్మకము. కావున ముగ్ధుడు, మూఢుడు అను రెండు మాటలును తనంతతాను మోహము పొందినవానినే చెప్పును. మోహము కలిగించినవాడు ఆ మాటలలో ఎచ్చటను కనబడడు. పరులు చేసిన పని యని తెలుపవలెనన్నచో ధాతువునకు ప్రేరణార్థకము చేర్చవలెను. అప్పుడు వచ్చు మాట మోహితుడు. మోహితుడనగా మోహింపజేయబడినవాడు. ఆ మాటలో, పేరు చెప్పకున్నను, వెనుక ఒక కర్త నిలిచి ఉన్నాడు.

అమ్మా, నీవు ఈ సభలో ఉన్నచో వినుము, లేనిచో నీ ఊరివారు చెప్పుదురు గాక. మీ ఇంటివారు మూఢులు కారు, ముగ్ధులును కారు, మోహితులు. మిమ్ము మూఢులనిన పెద్దమనుషులు మాటలోనుండి ఆ దొంగను తప్పించి, నేరమంతయు మీ నెత్తిన పెట్టిరి. వ్యాకరణము అట్లు తప్పించుటకు ఒప్పదు.

ఇంత చెప్పి మోహితునికి బాధ్యతయే లేదనుట కూడ న్యాయము కాదు. భాగవతము అష్టమ స్కంధమున మోహినీ అవతార కథను చూడుడు. అసురులు అమృతకలశమును ఆమె చేతికి ఇయ్యబోగా, నావంటిదానిని మీరు ఎట్లు నమ్ముచున్నారని ఆమెయే హెచ్చరించును. వారు ఆ హెచ్చరికను పరిహాసముగా తీసికొని నవ్వి, కలశమును ఇచ్చివేసిరి. తమను దాటి అమృతము దేవతల పంక్తికి పోవుచున్నను మాటయిచ్చితిమని ఊరకుండిరి. హెచ్చరిక కూడ తీయగా వినబడినపుడు మోహము పండినదని తెలియవలెను. మీ ఇంటికి వచ్చినవాడు అట్టి హెచ్చరికయైన చేసియుండడు.

మా వంతు తప్పును కూడ చెప్పుకొనవలెను. పాఠశాలలో మాకు పదునైదవ యేడు నడుచుచున్న కాలమున ఒక పొరుగూరి సభలో సంహిత చెప్పు అవకాశము వచ్చినది. తైత్తిరీయ సంహితను యాబదేసి పదములకొక పనసగా విభజించి సంత చెప్పుదురని ఎరుగుదురు గదా. ఒకే పదములు రెండు మూడు అనువాకములలో మరల మరల వచ్చును. అట్టి కూడలిలో జాగ్రత్త తప్పినచో ఒక అనువాకమున బయలుదేరినవాడు మరొక అనువాకమున తేలును. ఆనాడు మా గొంతు బాగుండెను. సభ నిశ్చలముగా వినుచుండెను. మా గొంతును మేమే వినుచు ఆ కూడలిని చేరితిమి, తప్పుదారి పట్టితిమి. సభలో ఒక్కరును గుర్తింపలేదు. పైగా శాలువా కప్పిరి. మా గురువుగారు మాత్రము తల వంచుకొని కూర్చుండిరి. తిరిగివచ్చు బండిలో వారు అన్నది ఒక్కమాట. "వినినవారు ముగ్ధులు. చదివిన నీవు మూఢుడవు. ధాతువు ఒక్కటేరా." మరునాడు తెల్లవారుజామున ఆ పనసనే నూరుమార్లు చెప్పించిరి. ఆ శాలువా ఏమైనదో జ్ఞాపకము లేదు. ఆ కూడలి మాత్రము ఈనాటికిని మరువలేదు.

మన అచ్చతెనుగున మైమరచుట అను మాట కలదు. మై అనగా శరీరము. శరీరమును మరచుట. మంచి సంగీతమునకు, మంచి వేదఘోషకు మైమరచితిమని చెప్పినచో మాకు అభ్యంతరము లేదు. ఆకలి, చలి, కాళ్ళ నొప్పి మరచిపోయినవి, మనస్సు మాత్రము మేల్కొనియున్నది. ఘనము చెప్పువాని స్థితి అదే. పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు పేర్చునపుడు వానికి దేహము గుర్తుండదు. కాని మనస్సు రెప్పపాటు ఏమరినను పదము జారును. ముగ్ధుడైనవాడు మనస్సును మరచును, మైమరచినవాడు మేనిని మరచును. ఈ భేదము సంస్కృత శబ్దమున లేదు, మన తెలుగున ఉన్నది. గీత చివర, అజ్ఞానమువలన కలిగిన మోహము నశించినదా యని భగవానుడు అడుగగా, నశించినదని మాత్రమే చెప్పి అర్జునుడు ఊరకుండలేదు. స్మృతి లభించినదనియు చెప్పెను. మోహమునకు ఎదుట నిలుచునది స్మృతి, జ్ఞాపకము.

కార్తికమాసపు మూడవనాడు మేము ఋగ్వేదము మూడవ మండలము 33వ సూక్తమును, విశ్వామిత్ర నదీ సంవాదమును చెప్పితిమి. అది 13 మంత్రముల సూక్తము. విశ్వామిత్రుడు భరతులతో, బండ్లతో వచ్చి విపాట్, శుతుద్రి నదుల సంగమమును చేరెను. నేటి బియాస్, సట్లెజ్ నదులే అవి. నా మాటకొరకు ఒక్క ముహూర్తము ఆగుడని ఆయన నదులను వేడెను. ముహూర్తమను ఈ మాటను వివరించుచు యాస్కమహర్షి నిరుక్తమున, ముహుః అనగా కాలమే మూఢమైనట్లుండుట అని చెప్పెను. నదులు వెంటనే పరవశించి ఆగిపోలేదు. ఈ విప్రుడు ఏమి కోరి మమ్ము పిలుచుచున్నాడని మొదట విచారించినవి. తమ దారిని త్రవ్వినవాడు ఇంద్రుడనియు, తమ ప్రవాహము వెనుకకు మరలునది కాదనియు చెప్పినవి. ఈ సంభాషణను మరువవద్దని ఋషికే ఆనతిచ్చినవి. పిమ్మట అంగీకరించినవి. "ఋషి వాక్కునకు నదులు ఆగిపోయినవి" అని మేము స్వరము హెచ్చించి ముగించితిమి. సభ మరల చప్పట్లు చరచినది.

ముందటి వరుసలో కూర్చున్న ఆ వృద్ధురాలు చప్పట్లు కొట్టలేదు. అందరును వెళ్ళిన పిమ్మట వచ్చి, "అయ్యగారూ, నదులు ఆగిపోతె కింది ఊర్లకు నీళ్ళెట్ల వొయ్యె?" అని అడిగినది. మంజీర నీటితో పైరు పండించినవారికి గాక ఎవరికి తోచును ఆ ప్రశ్న? "రేపు ఉదయము చెప్పెదము" అంటిమి. ఈమారు త్వరపడలేదు.

ఆ రాత్రి సూక్తమును మొదటినుండి వల్లించుకొంటిమి. తొమ్మిదవ మంత్రమున సమాధానము ఉన్నది. ఋషి వారిని పూర్తిగా నిలిచిపొమ్మనలేదు. వంగుడు, మీ ప్రవాహము బండి ఇరుసునకు దిగువన ఉండునట్లు తగ్గుడు అని కోరెను. నదులు పారుచునే ఉన్నవి, లోతు మాత్రము తగ్గినది. చప్పట్లకొరకు మేమే వానిని ఆపితిమి.

మరునాడు ప్రయాణమునకు ముందు ఆమెకు ఈ సంగతి చెప్పితిమి. ఆమె కొంచెము ఆలోచించి, "గట్లనా. అయితె బండ్లు దాటంగనె మల్ల నిండుగ లేసి, ఉరికి పోయిండాలె" అన్నది. పండ్రెండవ మంత్రము ఆ మాటయే చెప్పుచున్నది. భరతులు దాటిరి, ఇక మీరు ఉప్పొంగుడు, కాలువలను నింపుడు, వడిగా సాగుడు అని.